షౌక్ సరే, బావర్చీఖానా మాత్రం వద్దు

అమీర్‌పేటలో ఉండే ఒక అమ్మీ నన్ను ఓ సవాల్ అడిగారు. డిగ్రీ చదివే కొడుక్కి గాలం వేసే షౌక్. ఇప్పుడు చేపలకు వేసే మెత్తటి ప్లాస్టిక్ ఎరల్ని ఇంట్లోనే పోసుకుంటానని అల్యూమినియం సాంచా, చేత్తో నొక్కే ఇంజెక్టర్ తెప్పించుకున్నాడట. "ఇజాజత్ ఇవ్వమంటారా భాయ్‌సాబ్, వద్దనమంటారా?"

నా జవాబు: ఇవ్వండి. కానీ బావర్చీఖానాలో కాదు.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. ప్లాస్టిసాల్ అని పాలలా తెల్లగా ఉండే ఒక ద్రవం. పీవీసీ పొడిని మెత్తబరిచే నూనెలాంటి రసాయనంలో కలిపితే వచ్చేది. దాన్ని 170-180 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే చిక్కబడి, తర్వాత అద్దంలా తేటబడుతుంది. రంగు, తళుకు కలిపి, ఇంజెక్టర్‌లోకి లాగి, రెండు ముక్కలుగా ఉండే సాంచాలోకి నొక్కుతారు. కొద్ది నిమిషాల్లో చల్లారి వానపామో, చేపపిల్లో, కప్పో బయటికొస్తుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్ట కప్పల్ని వేటాడుతుంది కదా, అందుకే దాని కోసం కప్ప ఆకారపు ఎర.

ఇందులో హునర్ ఉంది. సాంచాలో గాలి ఎటు పోవాలి, ప్లాస్టిక్ ఎంత వేడిలో పారుతుంది, తోక ఎందుకు నిండలేదు అని కుర్రాడు తల బద్దలు కొట్టుకుంటున్నాడంటే అది ఆట కాదు, తాలీమ్. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు చూసీ చూసీ, చేతిపని అంటే చదువు అబ్బనివాడి పని అనే ఖయాల్ మన ఇళ్లలో పాతుకుపోయింది. అక్కడికి దగ్గర్లోనే బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. సాంచాల తయారీని ఇంజనీరింగ్ విద్యగా నేర్పుతారక్కడ. ఎర పోసే కుర్రాడు రేపు ఆ గేటు దాకా వెళ్లొచ్చు. ఆ దర్వాజా మనం మూయకూడదు.

మరి బావర్చీఖానా ఎందుకు వద్దు? ప్లాస్టిసాల్ మితిమీరి వేడెక్కితే పసుపుపచ్చగా, ఆపైన గోధుమరంగుగా మాడుతుంది. అప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువు వస్తుంది. కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు మండుతాయి. వేడి ప్లాస్టిసాల్‌లో ఒక్క నీటిచుక్క పడ్డా చిటపటమని ఎగిరి చర్మానికి అతుక్కుంటుంది. బావర్చీఖానాలో నీళ్లు లేని చోటేది? రెండు గదుల ఇంట్లో ఆ ధువా దమ్మాతో బాధపడే దాదీమా మంచం దాకా, పసిపిల్ల ఊయల దాకా పోతుంది. షౌక్ ఒకరిది, శ్వాస అందరిదీ.

మొదటి ప్లాస్టిక్ వానపాము వంటింట్లోనే పుట్టింది కదా అని మీ అబ్బాయి దలీల్ తేవచ్చు. నిజమే. 1949లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రం, ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే మెషినిస్టు, ఆయన భార్య కాస్మా అలాగే మొదలుపెట్టారు. కానీ ఈ రసాయనాల సంగతి అప్పుడు ఇళ్లలో ఎవరికి తెలుసు? ఇప్పుడు మనకు తెలుసు. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లలో కొన్నింటిని పిల్లల బొమ్మల్లో వాడకుండా ఐరోపా 2005లోనే కట్టడి చేసింది.

అంత దూరం ఎందుకు, మన లాడ్ బజార్ లక్క గాజుల్నే తీసుకోండి. 2024లో జీఐ గుర్తింపు వచ్చిందని అందరం ఖుషీ అయ్యాం. ఆ లక్కను కుంపటి మీద కరిగించేది చాలావరకు ఇరుకు గదుల్లోనే. గాజు ధరలో మెహనత్ కొంచెం లెక్కకొస్తుంది, ఇంట్లోవాళ్లు పీల్చిన పొగ లెక్కకు రాదు. కడుపు కోసం చేసేవాళ్లకు అది మజ్‌బూరీ. షౌక్ కోసం చేసే మనకు ఏ మజ్‌బూరీ ఉంది?

కాబట్టి అబ్బాయికి అడ్డు చెప్పకండి, హద్దు చెప్పండి. పని డాబా మీద, పిల్లలు లేని వేళ, గాలి ఆడే చోట. థాలేట్లు లేని ప్లాస్టిసాల్ దొరుకుతుంది, అదే కొనమనండి. ప్లాస్టిక్ వేడిచేసిన మైక్రోవేవ్‌లో, గిన్నెలో మళ్లీ తిండి పెట్టకూడదు. బట్ట మాస్కు ఈ వాయువుల్ని ఆపదు, రసాయన ఆవిర్లకు పనికొచ్చే కార్ట్రిడ్జి మాస్కు కావాలి. కళ్లద్దాలు, మందపాటి చేతొడుగులు, పొడి సాంచా, వేడి కొలిచే థర్మామీటర్ తప్పనిసరి. గాలానికి కట్టే సీసపు గుండ్లు మాత్రం ఇంట్లో ఎక్కడా కరిగించనివ్వకండి, కొనుక్కోమనండి. సీసం పిల్లల మెదడుకు జెహర్.

ఇంకో మాట. తెగిన ఎర చెరువులో కరిగిపోదు, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. చేప మింగితే దాని కడుపులో ఉబ్బి ఉండిపోతుంది. పాడైన ఎరల్ని ఇంటికి తెచ్చుకుని మళ్లీ కరిగించుకోవచ్చు. పారేయడం కంటే అదే చవక.

ఇవన్నీ సమకూర్చుకోవడానికి ఖర్చవుతుంది. అబ్బాయి రెండో సాంచా అడిగితే, ముందు మాస్కు చూపించమనండి.