ఆ వెయ్యి డాలర్లు మనవి కావు

ఆగస్టు రాత్రి శంషాబాద్ విమానాశ్రయం డిపార్చర్స్ గేటు దగ్గర అమెరికా చదువుకు బయల్దేరే ఒక్కో పిల్లవాడి వెనక పదిమంది ఉంటారు. 23 కిలోలు దాటిన సూట్‌కేసును నేలమీదే విప్పి, ఆవకాయ తీయాలా, కుక్కర్ తీయాలా అని తర్జనభర్జన. చిలుకూరు బాలాజీకి మొక్కిన 108 ప్రదక్షిణలు అప్పటికే పూర్తయి ఉంటాయి. చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ చెబుతారు, ట్యాక్స్ రిటర్ను సంగతి తప్ప.

ఫిబ్రవరి వచ్చేసరికి ఓ సీనియర్ అన్న లాప్‌టాప్ తెరుస్తాడు. "కాలేజీ 1098-టి ఇచ్చింది కదరా, ఎడ్యుకేషన్ క్రెడిట్ కొట్టు, వెయ్యి డాలర్లు వస్తాయి." పన్ను సాఫ్ట్‌వేర్ అడిగినదానికల్లా మనవాడు ఎస్ నొక్కుకుంటూ పోతాడు. కొన్నాళ్లకు డబ్బు ఖాతాలో పడుతుంది. పడింది కాబట్టి న్యాయంగానే వచ్చిందనుకుంటాడు. కొంప ముంచేది ఆ నమ్మకమే.

అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ గరిష్ఠంగా 2,500 డాలర్లు. అందులో వెయ్యి దాకా, కట్టాల్సిన పన్ను లేకపోయినా చేతికి వస్తుంది. కానీ అది డిగ్రీ మొదటి నాలుగేళ్ల చదువుకే. మనవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ఎమ్మెస్‌కి! అంతకన్నా పెద్ద అడ్డంకి ఇంకోటుంది. ఎఫ్-1 వీసా విద్యార్థులు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్-రెసిడెంట్లు. 2023 ఆగస్టులో దిగినా 2023 ఒక ఏడాది కిందే లెక్క, అంటే 2027 ముగిసేదాకా. వాళ్లు వేయాల్సింది రెసిడెంట్ల 1040 రిటర్ను కాదు, 1040-ఎన్ఆర్; అందులో ఈ క్రెడిట్ రాదు. ఎమ్మెస్‌కి వర్తిస్తుందని చెప్పే లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కూడా నాన్-రెసిడెంట్లకు దక్కదు. 1098-టి అనేది ఫీజుల లెక్క చెప్పే కాగితం, అర్హత పత్రం కాదు.

దొరికితే తీసుకున్నది వడ్డీతో కట్టాలి, పైన 20 శాతం జరిమానా పడవచ్చు. నిర్లక్ష్యంగా క్లెయిమ్ చేశారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఆ క్రెడిట్ అడగనివ్వరు. రేపు ఇమ్మిగ్రేషన్ వాళ్లు పాత రిటర్నులు చూపించమంటే ఏం చూపిస్తాడు?

విచిత్రమేమిటంటే, న్యాయంగా దక్కేదాన్ని మనవాళ్లు వదిలేస్తున్నారు. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21(2) అధికరణం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తుంది. 2025 ఆదాయానికి ఒంటరివాళ్లకు అది 15,750 డాలర్లు. క్యాంపస్ ఉద్యోగం జీతం అంతకు లోపే ఉంటే, కోసుకున్న ఫెడరల్ ఆదాయపు పన్ను దర్జాగా వెనక్కి వస్తుంది.

ఇప్పటికే తప్పు రిటర్ను వేసినవాళ్లు నోటీసు కోసం కూర్చోవద్దు. 1040-ఎక్స్‌తో సవరించి, డబ్బు తిరిగి కట్టేయండి. సంపాదన లేనివాళ్లు కూడా 8843 ఫారం పంపాలి.

ఇక్కడి నాన్నలకూ ఓ మాట. విద్యారుణం మీద పన్ను మినహాయింపు వడ్డీకే, అసలుకు కాదు. అదీ పాత పన్ను విధానంలోనే, ఎనిమిదేళ్లే. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద తెచ్చిన అప్పుకు వర్తించదు. రిఫండులో పర్సంటేజీ అడిగే ఏజెంటు "నేను చూసుకుంటా" అంటే ఒప్పుకోకండి. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే సుమారు 40,000 మంది 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు.

ఈ రాత్రి వీడియో కాల్‌లో తిన్నావా అని అడిగాక, ఇదొక్కటి అడగండి: "1040 వేశావా నాన్నా, 1040-ఎన్ఆర్ వేశావా?"