దొంగ వేలానికి దొంగ పాటే మందా?

ఆన్‌లైన్‌లో ఒక వేలం నడుస్తోంది. కొత్త ల్యాప్‌టాప్, షాపు ధరలో సగం కూడా లేదు. ఫొటో కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఎత్తేసిందే. డబ్బు మాత్రం సైటు బయట, వైర్ ట్రాన్స్‌ఫర్ ద్వారానే పంపాలట. ఇది మోసమని మీకు అర్థమైపోయింది. కానీ అప్పటికే నలుగురు పాట పాడేశారు. ఇంకో గంటలో వేలం ముగుస్తుంది. ఇప్పుడు మీరేం చేస్తారు? చూసీ చూడనట్టు పోతారా, సైటు వాళ్లకు ఒక ముక్క చెప్పి ఊరుకుంటారా, లేక మీరే రంగంలోకి దిగి ఆ వేలాన్ని చెడగొడతారా?

2000 తర్వాతి సంవత్సరాల్లో ఈబేలో కొందరు కొనుగోలుదారులు ఈ మూడో పనే చేశారు. దొంగ వేలం అని అనుమానం రాగానే, కొనే ఉద్దేశం ఏమాత్రం లేకుండా లక్షల డాలర్లకు పాట పాడేసేవారు. అంత ధర చూసి అమాయకులు వెనక్కి తగ్గుతారని వాళ్ల ఆలోచన. మంచి ఉద్దేశమే. అయినా అది తప్పుదారి అని నా అభిప్రాయం. అలాగని చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. జోక్యం చేసుకోవాలి, కానీ అబద్ధంతో కాదు.

ముందు వాళ్ల వైపు వాదన న్యాయంగా చెప్పుకుందాం. పియరీ ఒమిడ్యార్ 1995లో మొదలుపెట్టిన ఈబే, తనను తాను ఎప్పుడూ అమ్మకందారుగా చెప్పుకోలేదు. సంత జాగా మాది, సరుకు మాది కాదు అన్నది దాని ధోరణి. నమ్మకం కోసం కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఒకరికొకరు మార్కులు వేసుకునే ఫీడ్‌బ్యాక్ పద్ధతి పెట్టింది. అంటే కాపలా పని మొదటి నుంచీ జనం మీదే కొంత వదిలేసింది. మరి కాపలా కాయమన్న జనం దొంగ కనిపిస్తే కర్ర ఎత్తకూడదంటే ఎలా? పైగా ఫిర్యాదును సైటు ఎప్పుడు చూస్తుందో తెలియదు. వేలం ముగిసే సమయం మాత్రం గడియారంతో సహా కళ్ల ముందు కనిపిస్తూ ఉంటుంది. ఎవరో ఒకరి నెల జీతం పోబోతోందని తెలిసి కూడా రూల్స్ పుస్తకం తిరగేస్తూ కూర్చోవడం పిరికితనం కాదా?

ఈ వాదనలో బలం ఉంది. అందుకే దీనికి నీతి సూత్రాలతో జవాబు చెప్పను. ముందు ఇంజనీరింగ్ విద్యార్థుల్లాగా, ఆ పద్ధతి అసలు పనిచేస్తుందా అని చూద్దాం.

మన ఊళ్లో గణేశుడి లడ్డూ వేలంలో ఎవరైనా 'పది లక్షలు' అని అరిస్తే పాట పది లక్షలకు చేరిపోతుంది. ఈబేలో అలా జరగదు. అక్కడ మీరు ఎంటర్ చేసేది మీ గరిష్ఠ పరిమితి మాత్రమే. అందరికన్నా ఎక్కువ పరిమితి పెట్టినవాడే ముందుంటాడు, కానీ ధర మాత్రం రెండో స్థానంలో ఉన్నవాడి పరిమితి కన్నా ఒక్క మెట్టు పైన ఆగుతుంది. రెండో అత్యధిక ధరే గెలిచినవాడు కట్టాలన్న ఈ ఆలోచనను 1961లో విలియం విక్రీ అనే ఆర్థికశాస్త్రవేత్త విశ్లేషించాడు. ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది.

లెక్క వేద్దాం. నలుగురు పెట్టిన పరిమితులు 300, 320, 350, 400 డాలర్లు అనుకోండి. 5 డాలర్ల మెట్టుతో తెర మీద కనిపించే ధర 355. ఇప్పుడు మన వీరుడు వచ్చి పది లక్షల డాలర్లు కొట్టాడు. తెర మీద ధర ఎంత? పది లక్షలు కాదు, 405 మాత్రమే! ఎవరూ భయపడరు. పైగా 'అబ్బో, దీనికి గిరాకీ బాగుందే' అని ఐదోవాడు 450 పెడతాడు. ఆపుదామని వేసిన పాట, దొంగ సరుకుకు ప్రచారం చేసి పెట్టినట్టయింది. ధర నిజంగా ఆకాశానికి వెళ్లాలంటే ఇలాంటి వీరులు ఇద్దరు పోటీ పడాలి.

సరే, ఇద్దరూ వచ్చారు, ధర ఆకాశానికి వెళ్లింది, వేలం చెడింది. అప్పుడైనా దొంగ ఓడిపోయాడా? గెలిచినవాడు డబ్బు కట్టకపోతే, తర్వాతి పాటదారుకు సరుకు ఇవ్వజూపే 'సెకండ్ ఛాన్స్ ఆఫర్' అనే సౌకర్యం ఈబేలో ఉంది. అది నిజాయితీగా అమ్మేవాళ్ల కోసం పెట్టింది. మోసగాళ్లు దాన్ని అనుకరిస్తూ దొంగ ఈమెయిళ్లు పంపడం మొదలుపెట్టారు. 'పై పాట పాడినవాడు మాట తప్పాడండీ, మీరు చెప్పిన ధరకే ఇచ్చేస్తాను, డబ్బు నేరుగా పంపండి' అని. మన వీరుడు వేలాన్ని చెడగొట్టి, సరిగ్గా ఆ కథకు కావలసిన 'మాట తప్పినవాడి' పాత్ర పోషించాడన్నమాట. 400 డాలర్లవాడు ఇప్పుడు సైటు రక్షణ లేకుండా దొంగ చేతికి చిక్కాడు. ఇక దొంగకు పోయిందేముంది? కాజేసిన మరో అకౌంట్‌తో అరగంటలో ఇంకో వేలం పెడతాడు.

రెండో సమస్య, పొరపాటు. మోసానికి మనం చెప్పుకునే గుర్తులేమిటి? కొత్త అకౌంట్, తక్కువ ధర, నెట్ నుంచి తీసిన ఫొటో, తప్పుల తడకగా రాసిన వివరాలు. ఫైనల్ ఇయర్ అయిపోయి, రూమ్ ఖాళీ చేస్తూ, పాత ల్యాప్‌టాప్‌ను హడావుడిగా అమ్ముకునే కుర్రాడి పోస్టు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అతని వేలాన్ని చెడగొడితే, చేసినవాడికి ఒక క్లిక్కు, అతనికి నెల ఖర్చు. దొంగ అనుకున్నవాడికి కనీసం ఒక్కమాట చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వకుండా శిక్ష వేసేస్తున్నాం. అంతేకాదు, పోటీ వ్యాపారి కూడా ఇదే ఆయుధం పట్టుకుని 'మోసమనుకున్నానండీ' అనొచ్చు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. దానికి 2000 సంవత్సరంలో జరిగిన ఒక కేసు చెప్పాలి. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకు చెందిన కెన్నెత్ వాల్టన్ అనే న్యాయవాది ఈబేలో ఒక పెయింటింగ్‌ను 25 సెంట్ల ప్రారంభ ధరతో వేలానికి పెట్టాడు. అది ఫలానా గొప్ప చిత్రకారుడిదని ఎక్కడా చెప్పలేదు. ఏమీ తెలియని అమాయకుడిలా వివరాలు రాసి, రిచర్డ్ డీబెన్‌కార్న్ గీసిందేమోనని చూసేవాళ్లే అనుకునేలా ఫొటోలో సంతకం లాంటి గుర్తు కనిపించనిచ్చాడు. పాట 1,35,805 డాలర్లకు వెళ్లింది. అతను తన వేలంలో తానే పాడాడని బయటపడి ఈబే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. తర్వాత పత్రికల వాళ్లు పాత వేలాల రికార్డులు తవ్వితే, కొన్ని అకౌంట్లు ఒకరి సరుకుకు ఒకరు పాట పెంచుకుంటున్న ముఠా బయటపడింది. కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. వాల్టన్ 2001లో నేరం ఒప్పుకున్నాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. దొంగల్ని పట్టించింది ఎవరి అరుపులూ కాదు, పాటల రికార్డు. ఎవరు, ఎప్పుడు, ఎంత పాడారన్న లాగ్. ఆ లాగ్‌లో మంచివాళ్లు కూడా సరదాకో, సేవకో దొంగ పాటలు నింపి ఉంటే? ధర పెంచడానికి ముఠావాడు పాడిన దొంగ పాట ఏది, వేలం చెడగొట్టడానికి మంచివాడు పాడిన దొంగ పాట ఏది? డేటాబేస్‌లో రెండూ ఒకటే వరుస. ఉద్దేశానికి కాలమ్ ఉండదు. కొనే ఉద్దేశం లేని పాటను ఈబే నియమాలు నిషేధించింది కూడా ఇందుకేనని నేననుకుంటాను. సాక్ష్యాన్ని కాపాడాల్సినవాడే సాక్ష్యంలో చెత్త కలిపితే, లాభం దొంగకే.

'ఇప్పుడు మన దగ్గర ఈ వేలాలెక్కడివి?' అని మీరు అడగొచ్చు. నిజమే. 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని ఇక్కడికి వచ్చిన ఈబే ఇండియా, 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి, 2018లో మూతపడింది. వేలం పోయింది కానీ ప్రశ్న పోలేదు. సెకండ్ హ్యాండ్ ఫోన్ల పోస్టులు, ఇన్‌స్టాగ్రామ్ దుకాణాలు, 'డబ్బు రావడానికి ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి' అనే పాత కొనుగోలుదారులు... మోసం కొత్త చొక్కా తొడుక్కుంది, అంతే. మన వీరులూ మారారు. దొంగ ఆర్డర్లు పెట్టడం, పది మంది కలిసి ఫోన్ చేసి తిట్టడం, వాడి ఫోన్‌లోకి చొరబడే లింకు పంపడం. చివరిదాన్ని గొప్ప హ్యాకింగ్‌లా చెప్పుకునేవాళ్లున్నారు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలు. అవతలివాడు దొంగ అన్నది మినహాయింపు కాదు. పైగా ఆ నంబరు, ఆ బ్యాంకు అకౌంటు అసలు దొంగవే అయి ఉండాలని లేదు. కమిషన్ ఆశ చూపించి విద్యార్థుల అకౌంట్లను, కూలీల పేర్ల మీద సిమ్ములను వాడుకోవడం ఈ దందాలో మామూలు. మన దెబ్బ పడేది ముందు వాళ్ల మీదే.

మరి ఏం చేయాలి? నిజంతో జోక్యం చేసుకోవాలి. అమ్మేవాడిని అందరికీ కనిపించేలా ఒక ప్రశ్న అడగండి. 'ఈరోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి ఫొటో తీస్తారా? సీరియల్ నంబరు చూపిస్తారా?' నిజాయితీపరుడికి అది రెండు నిమిషాల పని, దొంగకు కొండంత కష్టం. పొరపాటు మనదైనా ఎవరి కడుపూ కొట్టినవాళ్లం కాము. కొనబోయేవాళ్లు తెలిసినవాళ్లయితే నేరుగా చెప్పండి. 'దొంగ' అని ముద్ర వేయక్కర్లేదు, 'నాకు ఫలానా కారణంగా అనుమానంగా ఉంది' అంటే చాలు. లింకు, స్క్రీన్‌షాట్, సమయం, యూపీఐ ఐడీ దాచి సైటుకు ఫిర్యాదు చేయండి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి. ఆ మొదటి గంటల్లోనే డబ్బు ఎక్కడో ఒక అకౌంట్‌లో ఆగే అవకాశం ఉంటుంది.

ఇదంతా చేసినా ఒక్కోసారి మన కళ్ల ముందే ఒకరు మోసపోతారు. ఆ బాధ నిజం. కానీ ఆ కోపం చేరాల్సిన చోటు వేరే ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. గంటలో ముగిసే మోసానికి నెల గడువు! ఇక ఐటీ చట్టం 79వ సెక్షన్ ఈ వేదికలకు రక్షణ ఇస్తోంది. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటీసో వస్తేనే వేదికకు విషయం 'తెలిసినట్టు'. భావ ప్రకటన స్వేచ్ఛ విషయంలో అది మంచి కవచమే. కానీ మోసపు ప్రకటనపై ఇరవై మంది ఫిర్యాదు చేసినా వేదిక నింపాదిగా ఉండగలిగితే, ఆ కవచం ఎవరిని కాపాడుతున్నట్టు? ఇన్ని ఫిర్యాదులు రాగానే ప్రకటనను తాత్కాలికంగా ఆపి, అమ్మేవాడిని రుజువు అడిగే ఏర్పాటు చేయడం సాంకేతికంగా ఏమంత కష్టం? రేపు ఆ కంపెనీల్లో కోడ్ రాయబోయేది మనమే. ఆ రిపోర్టు బటన్ వెనక ఏం జరగాలో అక్కడ కూర్చున్నప్పుడు అడగగలిగితే, వంద దొంగ పాటల కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.