గుట్టమీది తెల్లపువ్వు: దానిని పెంచు విధము

ఆర్కిడు అనగానే చెట్టుకొమ్మను పట్టుకొని బ్రదుకు బదనికవంటి మొక్క యని మనవారు తలంతురు. నేలలో పుట్టి, నేలలోనే గడ్డయై నిద్రించు ఆర్కిడులును కలవని చెప్పగా మా తరగతి పిల్లలు మొదట నమ్మలేదు. వానలు పడిన పిమ్మట ఆదోని ప్రక్క గుట్టలలో, బండల సందు గడ్డి నడుమ, నేల నంటుకొని పఱచుకొన్న గుండ్రని ఆకులను, వాని నడుమ లేచిన కాడను, దానిపై తెల్లని పూలకంకిని చూచిన పిదప నమ్మిరి. శాస్త్రజ్ఞులు దీనిని హాబెనేరియా రాక్స్‌బర్గీ యందురు. లాటినులో హాబెనా యనగా తోలువారు. పువ్వు వెనుక వ్రేలాడు సన్నని గొట్టమును బట్టి యా పేరు వచ్చినది. రెండవ మాట, 18వ శతాబ్దమున సామర్లకోటలో నుండి మన మొక్కలను వర్ణించి చిత్రములు గీయించిన విలియం రాక్స్‌బర్గు దొర పేరు.

చూచి సంతోషించి మేమొక తప్పు చేసితిమి. మూడు మొక్కలను త్రవ్వి తెచ్చి, నల్లరేగడిలో గులాబీల ప్రక్కన నాటి, దినదినము నీరు పోసితిమి. సంక్రాంతినాటికి ఆకులు పండినవి. దప్పిచే వాడెనని తలంచి మఱింత పోసితిమి. ఎండకాలమున త్రవ్వి చూడగా గడ్డలు క్రుళ్ళి చేతికి జిగురైనవి. ఆకులు పండుట రోగము గాదు. అది నిద్రకు గుఱుతు. మేము నిద్రించుదానిని నీట ముంచి చంపితిమి.

పెంచదలచినవారు వెడల్పు మూతి గల మట్టికుండ తీసికొని, అడుగున పెంకులు పఱచి, వాగు ఇసుకయు ఎఱ్ఱమన్నును కలిపి, చివికిన ఆకుల పొడి కొంచెము చేర్పవలయును. రేగడి వలదు. మొక్క పెరిగిన చోటి మన్ను పిడికెడైనను కలుపవలయును. దాని కారణము ముందు చెప్పెదము. మొలక కనబడినది మొదలు పూలు రాలువఱకు తడి యుంచి, ఆకులు పండగానే నీరు మాని, తొలకరివఱకు కుండను నీడను పెట్టి మఱచిపోవలయును. ఈ మఱచుటయే మా పిల్లలకు కష్టము.

ఎమ్మిగనూరు విద్యార్థి యొకడు, “అయ్యవారూ, అడుగున రెండు గడ్డలున్నవి గదా! ఒకటి మనము తీసికొని యొకటి విడిచిన నేమి?” అని యడిగెను. మంచి ప్రశ్న. ఆ రెంటిలో నొకటి ఈయేటి మొక్కను పోషించి ముడుచుకొనిపోవునది. రెండవది వచ్చు సంవత్సరపు మొక్క. మిగులు గడ్డ యేదియు లేదు.

గింజ చల్లుదమన్నను సులభము గాదు. ఆదోని పిల్లలకు ప్రత్తిగింజ తెలియును. మొలకకు వలయు ఆహారము నూనెగా దానిలోనే యుండును. ఆర్కిడు గింజ ధూళివంటిది. దానిలో మూట యేమియు లేదు. మన్నులోని యొకజాతి బూజు దానిలో ప్రవేశించి యాహార మందించినగాని మొలవదు. దీనిని 1899లో నోయెల్ బెర్నార్డు అను ఫ్రెంచి పండితుడు కనుగొనెను. బూజు లేకయే చక్కెర కలిపిన అగరుపై మొలపింపవచ్చునని 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చూపెను. అది ప్రయోగశాల పని. మన పెరటికి ఆ పిడికెడు మన్నే దిక్కు.

కావున మా అభిప్రాయ మిది. హెర్బేరియము కొఱకు గడ్డతో సహా మొక్కను తెమ్మని పిల్లలను గుట్టలకు పంపుట ఉపాధ్యాయులు మానవలయును. ఒక తరగతిలో నలుబదిమంది యున్నచో నలుబది గడ్డలు పోవును. పువ్వును అక్కడనే బొమ్మ గీసి తెచ్చినవానికి ఎక్కువ మార్కు లిచ్చిన నష్టమేమి? “బొమ్మ గీయరాని వాడేమి చేయును?” అని తోడి ఉపాధ్యాయుడొకరు మమ్మడిగిరి. ఫొటో తీయవచ్చును, ఈ కాలమున ఇంటింటను సెల్‌ఫోను గలదు. రాయి కొట్టుటకో, బాట వేయుటకో చదును చేయబోవు చోట మాత్రము, నేల యజమాని యనుమతితో మొక్కను మన్నుతో సహా పెల్లగించి కుండలో నిలుపుట న్యాయము.

మా యొద్ద నట్టిది యొకటి కలదు. రాళ్ళు కొట్టుచోటినుండి తెచ్చి మూడేండ్లయినది. ప్రతి తొలకరికిని ఆకులు వేయుచున్నది. పూచినది మాత్ర మొక్కసారియే.