పెరటి కోడిని కట్టడి చేసే ముందు

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఊరి చుట్టూ మిరప కల్లాలు పరచుకుని ఉంటాయి. కోసిన కాయ పది, పదిహేను రోజులు ఎండలో ఆరుతుంది. అదే సమయంలో ఆ కల్లాల మీదికి పెరటి కోళ్లు చేరతాయి. మిరప ఘాటు కోడిని దూరంగా ఉంచుతుందనుకోవడం పొరపాటు. ఘాటుకు మూలమైన కాప్సైసిన్‌కు క్షీరదాల నాడులు స్పందించినట్లు పక్షుల నాడులు స్పందించవు. కోడికి మిరప గింజ జొన్న గింజ వంటిదే. కాయను చీల్చి గింజ తింటుంది, కుప్పను గీరి చెదరగొడుతుంది, కాయల మీద రెట్ట వేస్తుంది. ఆ రెట్టతో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఎండుమిరపకు చేరే అవకాశం ఉంటుంది. ఎగుమతి సరుకులో పారిశుద్ధ్య లోపం బయటపడితే నష్టం ఒక్క బస్తాతో ఆగదు.

ఈ పరిస్థితిలో "కోళ్లను మూసి ఉంచండి" అన్న సలహా వెలువడటం సహజం. సలహా సరైనదే. అయితే అది ఒక్క వాక్యంగా మిగిలినంతకాలం ఆచరణకు నోచుకోదు. స్వేచ్ఛగా తిరిగి పెరిగిన కోడి గూటి జీవితానికి అలవాటు పడటానికి రమారమి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు ఎలా గడపాలో చెప్పకపోతే మూడో రోజుకే కోళ్లు ఒకదానినొకటి పొడుచుకుంటాయి, గుడ్లు తగ్గుతాయి, పొదుగుతున్న పెట్ట గుడ్లను వదిలి లేస్తుంది. ఇల్లాలు విసిగి తలుపు తీసేస్తుంది. ఆ తప్పు ఆమెది కాదు. సలహా అసంపూర్ణంగా అందింది.

కట్టడి ఏ కాలాల్లో అవసరం

ఏడాది పొడవునా కోళ్లను మూసి పెంచవలసిన అవసరం ఈ ప్రాంతంలో లేదు, అది గిట్టుబాటు కూడా కాదు. కట్టడి అవసరమయ్యే సందర్భాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది విత్తే కాలం. పత్తి విత్తనం ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు పట్టించి వస్తుంది. పైకి తేలిన గింజను కోడి వెదికి తింటుంది. రెండవది పిచికారీ కాలం. 2021-22లో నల్ల తామర పురుగులు మిరపను దెబ్బతీసిన నాటి నుంచి ఈ జిల్లాల్లో పిచికారీల ఒత్తిడి పెరిగింది. తామర పురుగులపై వాడే ఫిప్రోనిల్ కోడి జాతి పక్షులకు అత్యంత విషపూరితం. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో కోళ్లపై ఎర్ర నల్లి నివారణకు అక్రమంగా వాడిన ఇదే మందు గుడ్లలో బయటపడి లక్షలాది గుడ్లను ధ్వంసం చేయవలసి వచ్చింది. మందు కొట్టిన చేలో తిరిగిన కోడి గుడ్డును ఇంట్లో పిల్లలే తింటారన్న సంగతి విస్మరించరానిది. మూడవది పైన చెప్పిన కల్లాల కాలం.

నాలుగవది వ్యాధి భయం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలతో పాటు పొరుగునే ఉన్న ఎన్టీఆర్ జిల్లాలోనూ హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఈ వైరస్‌తో మరణించడం అందరినీ కలచివేసింది. వ్యాధి తేలిన చోటు నుంచి కిలోమీటరు పరిధిలో పెరటి కోళ్లను సైతం చంపివేయవలసి ఉంటుంది. బ్రిటన్‌లో ఇదే వ్యాధి కారణంగా 2021 నవంబరు చివరి నుంచి 2022 మే 2 వరకు పెంపుడు పక్షులన్నింటినీ లోపలే ఉంచాలన్న ఆదేశం అమలైంది. నెలల తరబడి కట్టడి ఎక్కడైనా రావచ్చు. దానికి ముందే అలవాటు పడిన కోళ్లు తట్టుకుంటాయి.

లాభం ఒకరికి, భారం మరొకరికి

కల్లం యజమాని మిరప రైతు. కల్లం మీదికి వచ్చే కోళ్లు చాలావరకు ఊరి అంచున ఉండే వ్యవసాయ కూలీ కుటుంబాలవి, అందులోనూ ఆ ఇళ్లలోని స్త్రీలవి. కోళ్లను మూస్తే సరుకు శుభ్రత రైతుకు దక్కుతుంది. మేత ఖర్చు ఆమెపై పడుతుంది. పెరట్లో తిరిగే కోడి పురుగు, గింజ, గడ్డి ఏరుకుని తన ఆహారంలో అధిక భాగాన్ని తానే సంపాదిస్తుంది. మూసిన నాటి నుంచి పెద్ద కోడికి రోజుకు 80 నుంచి 100 గ్రాముల మేత చేతితో వేయాలి. పది కోళ్లకు రోజుకు దాదాపు కిలో, రెండు నెలలకు 60 కిలోలు. కూలి డబ్బులతో గడిచే ఇంటికి ఇది చిన్న మాట కాదు.

అందువల్ల సలహా ఇద్దరికీ చేరాలి. కల్లం చుట్టూ నాలుగడుగుల వల కట్టడం, కాయను నేల మీద గాక టార్పాలిన్ పట్టాలపై ఆరబోయడం రైతు బాధ్యత. కోళ్లను మూయమని రైతే కోరినప్పుడు మేతలో కొంత భాగం ఆయన భరించడం న్యాయం. ఈ పంపకం గురించి మాట్లాడకుండా ఇచ్చే సలహా కల్లాల దగ్గర తగవులకే దారితీస్తుంది.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు సుమారు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే మొత్తం కోళ్లు 17 శాతం మేర పెరగగా పెరటి కోళ్లు దాదాపు 46 శాతం పెరిగాయి. విస్తరణ కార్యక్రమాలలో ఈ రంగానికి చోటు కల్పించడానికి ఈ అంకెలే చాలు.

అలవాటు చేసే క్రమం

కట్టడికి రెండు వారాల ముందే కోళ్లకు కొక్కెర తెగులు టీకా, నట్టల మందు పూర్తి కావాలి. బయట విడివిడిగా తిరిగినప్పుడు నెమ్మదిగా సోకే వ్యాధి గూటిలో ఒక్కసారిగా వ్యాపిస్తుంది.

తొలి వారంలో గూటి తలుపు తెరిచే ఉంచాలి. సాయంత్రపు మేత, నీరు గూటిలోనే పెట్టాలి. చెట్ల మీద, చూరు మీద పడుకునే కోళ్లను చీకటి పడ్డాక మెల్లగా దించి లోపలి దండెం మీద కూర్చోబెట్టాలి. చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు, కనుక బెదరదు. కొన్ని రాత్రులు గడిస్తే గూడే తన ఇల్లని కోడి గుర్తిస్తుంది. రెండవ వారంలో ఉదయం విడిచే వేళను క్రమంగా జరపాలి: మొదట పది గంటలకు, తరువాత మధ్యాహ్నానికి, ఆపై సాయంత్రం ఒక గంటకు. పెట్టలు ఎక్కువగా మధ్యాహ్నంలోపే గుడ్డు పెడతాయి. ఆ వేళ గూటిలో ఉంటే గుడ్లు కంపల్లో, గడ్డివాములో పోకుండా చేతికి దక్కుతాయి. కట్టడి వల్ల కోళ్ల యజమానురాలికి నేరుగా కలిగే ఈ లాభాన్ని ముందుగా చెప్పడం మంచిది.

గూటిలో కోడికి కనీసం రెండు నుంచి నాలుగు చదరపు అడుగుల చోటు, దండెం మీద ఎనిమిది అంగుళాల జాగా, నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల గంప ఉండాలి. మేత, నీటి పాత్రలు రెండేసి చోట్ల పెట్టాలి. ఒకే చోట పెడితే బలమైన కోడి కాపు కాస్తుంది, బలహీనమైనది పస్తుంటుంది. అసీల్ పుంజులను ఒకే గూటిలో ఉంచరాదు.

కోడికి పని లేకపోవడమే పొడుచుకోవడానికి ప్రధాన కారణం. బయట రోజంతా గీరుతూ, వెదుకుతూ గడిపే పక్షి అది. లోపల మందంగా ఊక పరచి అందులో గుప్పెడు గింజలు చల్లాలి, మునగ రెమ్మలో తోటకూర కట్టలో తల ఎత్తున వేలాడదీయాలి, బూడిద, ఇసుక, పొడిమట్టి కలిపిన తొట్టె ఒక మూల ఉంచాలి. ఆ బూడిదలో పొర్లడం కోడికి స్నానం. పేలు కూడా తగ్గుతాయి. ఊక తడిసితే రక్తపారుడు వ్యాధి తప్పదు గనుక తడిసిన ఊకను వెంటనే తీసివేయాలి. తొలి రోజుల్లో గుడ్లు తగ్గడం వ్యాధి లక్షణం కాదు. ఆకుపచ్చని పారుడు, మెడ తిరగడం, గురక కనిపిస్తే మాత్రం పశువైద్యునికి తెలపాలి.

పొదిగే పెట్ట

ఈ క్రమమంతా పొదుగుకు కూర్చున్న పెట్టకు వర్తించదు. నాటు పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతల్లో 50 నుంచి 60 గుడ్లు మాత్రమే పెడుతుంది. ఆమె విలువ పొదగడంలో ఉంది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు గుడ్లు ఎక్కువ పెడతాయి గాని పొదగడం అరుదు. పేద ఇంట్లో ఇంక్యుబేటర్ నాటు పెట్టే. గుంపుతో పాటు ఆమెను కూడా ఒక్క రోజులో లోపలికి తోస్తే గుడ్లను వదిలివేస్తుంది. ఆ విడత పిల్లలన్నీ పోయినట్లే.

కట్టడి మొదలయ్యేనాటికి పెట్ట గుడ్ల మీద ఉంటే, వీలైతే ఉన్నచోటే ఉంచి చుట్టూ తడిక కట్టడం ఉత్తమం. తప్పక మార్చవలసి వస్తే రాత్రివేళ, గంపతో, గుడ్లతో సహా మసక వెలుతురు ఉన్న మూలకు చేర్చాలి. ఇతర పెట్టలు ఆ గంపలో గుడ్లు పెట్టకుండా అడ్డు ఉండాలి. పొదిగే పెట్ట రోజుకు ఒకసారి, పావుగంట నుంచి అరగంట సేపు లేచి తిని, తాగి, రెట్ట వేసి, బూడిదలో పొర్లి తిరిగి వస్తుంది. నీరు, జొన్నలు, బూడిద తొట్టె రెండు మూడు అడుగుల దూరంలో ఉంటే చాలు. ఏడవ రోజు దీపం వెలుగులో గుడ్లను పరీక్షించి పిండం లేనివాటిని తీసివేయాలి. 21 రోజులకు పిల్లలు లేచాక తల్లిని గంప కింద ఉంచి, పిల్లలు మాత్రం సందుల్లోంచి వచ్చిపోయేలా చేయవచ్చు. ఈ పద్ధతి గ్రామాలకు కొత్త కాదు.

మార్చి మొదలుకొని ఎండ ముదిరితే గుడ్డు నిలవ చెడి పొదుగు సరిగా సాగదు. అప్పుడు పొదుగుకు కూర్చునే పెట్టను మాన్పించడమే మేలు. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం వంటి అలవాట్లు పక్షికి బాధ తప్ప ప్రయోజనం లేనివి. అడుగున వెదురు బద్దలో తీగ వలో ఉన్న ఎత్తైన బోనులో, వెలుతురు, గాలి తగిలే చోట, మేత, నీరు నిండుగా పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే పొట్ట కింద వేడి తగ్గి పొదుగు గుణం పోతుంది. రెండు మూడు వారాల్లో తిరిగి గుడ్డుకు వస్తుంది.

మేతలో, ఎండలో జాగ్రత్త

పత్తి పండే చోట పత్తి గింజల చెక్క చేతికి అందుతుంది. దాన్ని గుడ్ల కోళ్లకు వేయరాదు. అందులోని గాసిపాల్ వల్ల గుడ్డు నిల్వ ఉన్నకొద్దీ సొన ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరుగుతుంది. గింజ నూనెలోని కొన్ని ఆమ్లాల వల్ల తెల్లసొన గులాబీ రంగుకు మారవచ్చు. ప్రకాశంలో విరివిగా దొరికే సుబాబుల్ ఆకులో మైమోసిన్ ఉంటుంది. ఎండించి పొడి చేసినా మేతలో 5 శాతం మించరాదు. నూకలు, తవుడు, జొన్న, కంది చున్ని, మునగాకు, గుడ్ల పెట్టలకు గుల్ల పొడి కలిపిన మేత మేలు.

రెంటచింతల ఎండలు ఈ ప్రాంతానికి కొలమానం. కోడికి చెమట పట్టదు. రొప్పడమే దానికి చల్లదనం. ఇనుప రేకు గూటిలో ఏప్రిల్ మధ్యాహ్నం కోళ్లను మూయడం చంపడంతో సమానం. గూడు తూర్పు పడమరలుగా పొడవుండాలి, పైన తాటాకు లేదా రెల్లుగడ్డి వేయాలి, పక్కలకు వల కట్టాలి. నీరు మామూలు కంటే రెట్టింపు కావాలి.

చేయవలసిన మార్పు

పత్తి వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోది, మిరప ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలోది, కోడి పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోది. ఊళ్లో మాత్రం మూడూ ఒకే ఆవరణలో ఉంటాయి. విత్తనశుద్ధి, పిచికారీ, ఆరబెట్టడం గురించి చెప్పే ప్రతి సలహా పక్కనా కోళ్ల కట్టడి క్రమం రావాలి. ఏటా వెలువడే వ్యవసాయ పంచాంగంలో ఇందుకు ఒక పేజీ చాలు. లాం, దర్శి వంటి చోట్ల ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాలు జనవరిలోనే, కల్లాలు పరచక ముందే, కూలీ వాడల్లో గూడు కట్టి చూపే ప్రదర్శనలు నిర్వహించవచ్చు. విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణలో రెండు వారాల పాటు ఒక ఇంటి కోళ్లను గమనించి గుడ్లు, మేత, మరణాల లెక్క రాస్తే, స్థానిక అంకెలు తొలిసారిగా చేతికి వస్తాయి.

ఆ ప్రదర్శనలకు సభ వేళ ముఖ్యం. మిరప కోతలకు వెళ్లిన స్త్రీ పగలు పదకొండుకు జరిగే సమావేశానికి రాలేదు. కోళ్లు గూటికి చేరే సాయంత్రమే ఆమె ఇంట ఉండే సమయం. విస్తరణ శాస్త్రవేత్త ఆమె వాకిట్లో ఉండవలసినదీ ఆ వేళలోనే.