నల్లనివన్నీ నీళ్ళు కావు

అరికాలిలో మచ్చ వుంటే దేశాలు తిరుగుతారని పెద్దలు అంటారు. నాకు ఆ మాటతో విరోధం లేదు. కాని పుట్టుకతో లేని మచ్చ నడివయసులో అరికాలిలోనో, గోటికిందనో లేచి పెరుగుతూ వుంటే, దాన్ని యోగమనుకోక డాక్టరుకు చూపించండి. మెలనోమా అనే కేన్సరు మనవంటి చామనచాయవారికి అరుదే. వస్తే మాత్రం తరచు అక్కడే వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలిగోటి కింద బయటపడింది యిదే. 1981లో, 36 యేళ్ళకే పోయాడు.

నలుపు చూసి పోల్చరాదా అంటారేమో! చర్మానికి రంగు తయారుచేసే కణాలలో పుట్టే జబ్బే అయినా, కొన్ని మెలనోమాలకు నలుపే వుండదు. అందుకే శాస్త్రజ్ఞులు ఆ కణాలకు దీపం కట్టే ఉపాయం పన్నారు.

ఉపాయానికి ఆద్యుడు హార్వర్డులో పనిచేసిన ఆల్బర్ట్ కూన్స్. మన నెత్తురులో యాంటీబాడీలుంటాయి. తాళానికి దాని చెవే పట్టినట్లు, ఒక్కొక్కటీ తనకు సరిపడిన పదార్థాన్నే పట్టుకుంటుంది. దానికి మెరిసే రంగు అంటిస్తే, అది పట్టిన చోటు మైక్రోస్కోపులో కనపడదా అని ఆయన ఆలోచన. 1941లో న్యుమోనియా క్రిములమీద చేసి చూపించాడు. మొదటి రంగు నీలంగా మెరిసింది. చిక్కేమిటంటే, శరీరపు కండా కొవ్వూ కూడా స్వతహాగా నీలంగానే మెరుస్తాయి! దాంతో ఫ్లోరసీన్ అనే ఆకుపచ్చ రంగుకు మారాడు.

1975లో కోలర్, మిల్‌స్టీన్‌లు ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి చూపారు. ఆ దారిన 1986లో వచ్చినదే హెచ్.ఎం.బి.-45. రంగు గింజల తయారీలో పాల్గొనే ఒక మాంసకృత్తును అది పట్టుకుంటుంది. దానికి మెరిసే రంగు అంటించి ప్రయోగశాలలలో వాడుతున్నారు.

మరి, మెరిస్తే మెలనోమాయేనా? తెల్లనివన్నీ పాలూ, నల్లనివన్నీ నీళ్ళూ కావు గదా! మూత్రపిండంలో వచ్చే ఒక రకం కంతినీ యీ యాంటీబాడీ పట్టుకుంటుంది. అసలు మెలనోమాలలోనే కొన్నిటిని పట్టుకోదు. మెరుపు చెప్పేది యాంటీబాడీ యెక్కడ అంటుకున్నదో అంతే.

నాకు నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. మంచి ప్రయోగశాలలో అసలు గాజుపలక పక్కన మరి రెండు పలకలు పెడతారు: తప్పక వెలగవలసినదొకటి, వెలగకూడనిదొకటి. వెలగకూడనిది వెలిగిందా, ఆనాటి ఫలితం నమ్మరు. జబ్బు తేల్చవలసివస్తే డాక్టర్లు కణాల ఆకారం చూస్తారు, ఎస్-100, మెలాన్-ఎ వంటి మరికొన్ని గురుతులూ అడుగుతారు. మెరిసే యాంటీబాడీ సీసాలు చాలావాటిమీద "పరిశోధనకు మాత్రమే" అని అచ్చువేసి వుంటుంది.

ఇన్ని జాగ్రత్తలూ మచ్చముక్క మైక్రోస్కోపు కిందికి చేరిన తరువాతి మాట. అందాకా చేర్చవలసింది మనమే. స్నానం చేసేటప్పుడు అరికాళ్ళు కూడా ఒకసారి చూసుకోండి.