చెక్కు తీసుకుంటే హక్కు పోదండీ

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

2014 జూన్ 27 తెల్లవారుజామున మన నగరంలో గెయిల్ గ్యాస్ పైపు పేలింది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. గ్యాసు వాసన వస్తోందని ముందే చెప్పామని ఊళ్లోవాళ్లు మొత్తుకున్నారు. ప్రాణానికి 25 లక్షలు ప్రకటించారు. గెయిల్ 20, రాష్ట్రం 3, కేంద్రం 2.

అప్పట్నుంచీ మన రచ్చబండల మీద ఒకటే మాట. "పాతిక లక్షలిచ్చారు కదండీ, ఇంకా కేసులేంటి?" ఈ మాట మీదే నా గొడవ.

ఎక్స్‌గ్రేషియా వాళ్లు దయతలచి ఇచ్చేది. నష్టపరిహారం మనం హక్కుగా అడిగేది. రెండూ ఒకటి కాదండీ. నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే భార్య, పిల్లలు, తల్లిదండ్రుల కోసం దావా వెయ్యొచ్చని 1855 నాటి చట్టమే చెబుతోంది. గడువు రెండేళ్లు. ప్రమాదకరమైన పని చేసే కంపెనీ, జాగ్రత్తగానే ఉన్నామన్నా తప్పించుకోలేదని 1986లో ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హరిత ట్రిబ్యునల్‌కి వెళ్తే గడువు అయిదేళ్లు. 2020లో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైతే ఆ ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది.

కంపెనీ ముందిచ్చిన సొమ్ము కోర్టు లెక్కలో తీసేస్తే తియ్యనివ్వండి. మిగతాది అడగొద్దని ఎవరన్నారు?

"కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు" అంటారా? నిజమే, ఏళ్లు పడుతుంది. కానీ పారిశ్రామిక ప్రమాద బాధితులకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. చట్టంలోనే ఉంది.

కాయకి రూపాయి తగ్గితే దళారీతో గంటసేపు పోట్లాడతాం. మనిషి పోయినచోట మాత్రం చూపించినచోట సంతకం పెట్టేస్తాం! ఇక వేరే క్లెయిము లేదని రాసున్న కాగితం మీద వకీలుకి చూపించకుండా సంతకం పెట్టకండి. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు నకళ్లు, సంపాదన కాగితాలు జాగ్రత్త చెయ్యండి. వాసనొస్తే ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇది డబ్బాశ కాదండీ. పైపు మార్చడం కంటే శవానికి చెక్కివ్వడమే చవకైతే ఏ కంపెనీ పైపు మారుస్తుంది? ఆ పైపులు ఇంకా మన చేల కిందే ఉన్నాయి.