మతం మారితే పుట్టుక మారుతుందా?

మతం మారినవాడు తన వారసత్వాన్ని వదులుకున్నట్టేనన్న వాదం ఢిల్లీలో కోర్టు వరండాల నుంచి టీవీ చర్చల దాకా పాతుకుపోయింది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టి దానికి చట్టబలం కూడా ఇచ్చింది. ఈ వాదం తప్పు.

ఎంత తప్పో అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ మార్మన్లను చూస్తే తెలుస్తుంది. కెనెడీ, జాన్సన్ల ప్రభుత్వాల్లో ఇంటీరియర్ శాఖ మంత్రిగా ఉన్న స్టూవర్ట్ ఉడాల్ అరిజోనాలోని మార్మన్ కుటుంబంలో పుట్టాడు. పెద్దయ్యాక ఆచారాలకు దూరమయ్యాడు. అయినా మార్మన్ చర్చి నల్లవారికి పౌరోహిత్యం ఇవ్వకపోవడాన్ని 1967లో బహిరంగ లేఖలో నిలదీసినప్పుడు పరాయివాడిగా మాట్లాడలేదు, ఆ ఇంటి బిడ్డగానే మాట్లాడాడు. 1978లో చర్చి ఆ నిషేధాన్ని ఎత్తేసింది.

పోనీ, చర్చిలో కొనసాగేవాళ్లంతా ఒకే మూసలో ఉంటారా? 2012లో అధ్యక్ష పదవికి పోటీచేసిన మిట్ రామ్నీ పన్నుల లెక్కలపై విరుచుకుపడిన హ్యారీ రీడ్ కూడా మార్మనే. రామ్నీది తరతరాల మతం. నెవాడా గని కార్మికుడి కొడుకు రీడ్‌ది కాలేజీ రోజుల్లో స్వీకరించిన మతం. ఒకరు రిపబ్లికన్, మరొకరు అప్పట్లో సెనేట్‌లో డెమొక్రాట్ల నాయకుడు.

అమెరికా మతం తీసుకుంటే తెలుగుతనం పోతుందనేవాళ్లు హైదరాబాదు చరిత్ర చూడాలి. సమోవాలో మార్మన్లయిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో ఇక్కడికి వచ్చింది సొంత బంధువుల దగ్గరికే. వాళ్లలో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఎల్సీ తండ్రి, బాప్టిస్టు పాస్టర్ శ్రీనివాసం. ఆ మతం ఈ నేలకు చుట్టరికం దారిన, తెలుగు మాటల్లో వచ్చింది. ఢిల్లీలో మార్మన్ మిషన్ మొదలైంది 2007లో. దేశంలో తొలి స్టేక్, అంటే అనేక స్థానిక సంఘాల కూటమి, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే.

మార్మన్ల సంఖ్య చిన్నది. 1950 ఉత్తర్వు దెబ్బ తిన్న దళిత క్రైస్తవులు మాత్రం లక్షల్లో ఉన్నారు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్న మాల మాదిగల ఇళ్లు ఊరి మధ్యకు జరగలేదు. వాళ్లను పేట పేరుతో పిలిచే నోళ్లు పిలుపు మార్చుకోలేదు. క్రైస్తవంలో అంటరానితనం లేదని ఢిల్లీ చెప్పే కారణం మతగ్రంథానికి వర్తిస్తుందేమో గానీ పల్లెకు వర్తించదు.

సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో ఆ ఉత్తర్వులో చేర్చారు. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. దాన్ని అమలు చేయకుండా 2022లో జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేయడం అన్యాయాన్ని సాగదీయడమే. ఉత్తర్వులో ఆ ముడి వేసిన మూడో పేరాను తొలగించాలి.